44 ఏళ్లకు విదేశంలో లారీ డ్రైవర్‌గా వెళ్లొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది కోదాడ దగ్గర ఊరు. నాకు 44 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నుంచి సిమెంటు లోడు వేసుకెళ్లడం, తిరుగులో ఏది దొరికితే అది తెచ్చుకోవడం. మూడేళ్ల కిందట ఫైనాన్సులో పద్నాలుగు టైర్ల బండి తీశాను. కిరాయిలు పడిపోయి, కిస్తీలు కట్టలేక పోయిన దసరాకు అమ్మేశాను. ఇప్పుడు వేరేవాళ్ల బండి మీద జీతానికి ఉన్నాను. అమ్మాయి ఇంటర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు పోలండ్‌లో ట్రక్ డ్రైవర్ ఉద్యోగం, నెలకు రెండు లక్షలు, ఖర్చు ఆరు లక్షలు అంటున్నాడు. మా పక్క ఊరతను సౌదీలో ట్రెయిలర్ వీసా ఉంది, లక్షన్నర ఇస్తే నెలలో ఎక్కిస్తానంటున్నాడు. నేను ఎనిమిది వరకే చదివాను. మా ఆవిడ పేరు మీద ఎకరం పొలం ఉంది. తాకట్టు పెడదామంటే ఒప్పుకోవడం లేదు. "ఈ వయసులో దేశం కాని దేశంలో ఏం చేస్తావు" అంటోంది. నేను వెళ్లొచ్చా? వెళ్తే ఎటు వెళ్లాలి?
– కె.ఎస్., కోదాడ మండలం

జవాబు: తమ్ముడూ, వెళ్లొచ్చు. వయసు అడ్డం కాదు. నేను జగిత్యాల నుంచి దమ్మామ్ వెళ్లి ట్రెయిలర్ ఎక్కేనాటికి నాకూ నలభై దాటాయి. మా క్యాంపులో కంపెనీ ఎవరికైనా కొత్త బండి ఇవ్వాలంటే ముందు చూసేది నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలున్నవాళ్లనే. ఇరవై ఏళ్లు సిమెంటు లోడు మోసిన చేతికి అక్కడ విలువ ఉంది. అయితే పొలం విషయంలో మాత్రం మీ ఆవిడ మాటే నా మాట.

ఎందుకంటారా? పాతికేళ్ల కుర్రాడు అప్పు చేసి గల్ఫ్ వెళ్లాడనుకోండి. మొదటి రెండేళ్ల సంపాదన అప్పుకే పోయినా వాడికి ముందు ఇంకా ఇరవై, పాతికేళ్లు ఉంటాయి. మీకు ఒంట్లో సత్తువ ఉండి స్టీరింగ్ పట్టగలిగేది పది, మహా అయితే పన్నెండేళ్లు. ఆరు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 12,000 వడ్డీకే పోతుంది. ఏడాదికి 1,44,000. అసలు అసలులాగే కూర్చుంటుంది. పేపర్లన్నీ సరిగా ఉన్నా వీసా రావడానికి ఆరు నెలలు పట్టిందంటే, విమానం ఎక్కకముందే 72,000 వడ్డీ మీ నెత్తిన పడ్డట్టే. మీ అమ్మాయి డిగ్రీలో చేరే వేళకు ఫీజు కట్టాలా, వడ్డీ కట్టాలా అన్న పరిస్థితి రాకూడదు. ఈ వయసులో వెళ్లేవాడు పొలం జోలికి పోకుండా, చేతిలో ఉన్న డబ్బుతో వెళ్లగలిగితేనే వెళ్లాలి.

అలా వెళ్లడం కుదురుతుందా అంటే, చట్టప్రకారం వెళ్తే కుదురుతుంది. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు మన దగ్గర తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలకు మించకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. మెడికల్, పాస్‌పోర్టు లాంటి చిల్లర ఖర్చులు వేరే. లక్షన్నర అడిగే మీ పక్క ఊరతను సబ్ ఏజెంటు అయి ఉంటాడు. సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. అతను మంచివాడే కావచ్చు, మీకు చుట్టమే కావచ్చు. రేపు అక్కడ జీతం రాకపోతే మీరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? అతను మీకు రసీదు ఇవ్వలేడు, ఇవ్వడు. కాబట్టి వెనకాల ఉన్న అసలు ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు అడగండి. ఆ నంబరు విదేశాంగ శాఖ వాళ్ల ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో మీ అమ్మాయి ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసి చెప్తుంది. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపడమే దాని పని. పైసా చేతులు మారకముందు అక్కడ పేరు నమోదు చేసుకోండి.

మీరు పదో తరగతి పాసవలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం. సౌదీ, కువైట్, ఎమిరేట్స్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్సు కావాలి. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుని, ఏజెంటు చెప్పినట్టు విజిట్ వీసా మీద దుబాయి దాకా పోయి అక్కడి నుంచి అవతలికి దాటుతారు. ఆ పని మాత్రం చేయకండి. క్లియరెన్సు ఉంటే మీ జీతం, డ్యూటీ, కంపెనీ పేరు రాసిన ఒప్పందం ప్రభుత్వం దగ్గర ఉంటుంది. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తారు. ప్రీమియం వందల్లోనే. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల దాకా వస్తుంది. రోడ్డు మీద బతికేవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక సౌదీ వీసా చేతికొస్తే ముందు చూడాల్సింది అందులో మీ వృత్తి ఏమని రాశారన్నది. "సాయిఖ్ షాహినా" అంటే ట్రక్ డ్రైవర్. "ఆమిల్" అంటే కూలీ. ఆమిల్ వీసా మీద తీసుకెళ్లి ట్రెయిలర్ ఎక్కించేవాళ్లు ఉన్నారు. లైసెన్సు దగ్గర, బీమా దగ్గర చిక్కుకుపోయేది మీరే. "సాయిఖ్ ఖాస్" అంటే ఇంటి డ్రైవర్, అది ఇంకో సంగతి. 2021 మార్చిలో సౌదీలో కంపెనీ కార్మికులు కొన్ని షరతుల మీద యజమానిని మార్చుకునే వీలు తెచ్చారు. ఇంటి డ్రైవర్లకు అందులో చోటివ్వలేదు. అందుకే కంపెనీ వీసా అయితేనే ఆలోచించండి.

జీతం గురించి అడిగేటప్పుడు బేసిక్ ఎంత, ట్రిప్ మనీ ఎంత అని విడివిడిగా అడగండి. ఆ తర్వాత ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: బండి నిలిచిపోయిన రోజులకు ఏమిస్తారు? సౌదీ, ఎమిరేట్స్ మధ్య బత్హా సరిహద్దు దగ్గర మా బండ్లు బారులు తీరి నిలబడేవి. ఒక్కోసారి వంతు రావడానికి రోజులు పట్టేది. ఇంజన్ ఆపితే కేబిన్ పొయ్యిలా కాలేది, ఆన్ చేసి ఉంచితే డీజిల్ లెక్క అడిగేవాళ్లు. మా కంపెనీ ఆ రోజులకు ట్రిప్ మనీ ఇచ్చేది కాదు. నెలకు ఇంత వస్తుందని చెప్పి తీసుకెళ్లిన లెక్కంతా అక్కడే తలకిందులయ్యేది.

ఇంకో మాట, ఇది మనసులో గట్టిగా పెట్టుకోండి. బండికి బీమా చెల్లుబాటులో ఉందో లేదో చూడకుండా తాళం తీసుకోవద్దు. సౌదీలో మీ తప్పు వల్ల ప్రమాదం జరిగి మనిషి పోతే వాళ్ల కుటుంబానికి దియా, అంటే రక్తపరిహారం కట్టాలి. 2011లో దాన్ని 3 లక్షల రియాళ్లు చేశారు. తప్పు మీ వైపు ఎంత శాతం ఉందో పోలీసులు తేలుస్తారు. బీమా ఉంటే ఆ కంపెనీ చూసుకుంటుంది. లేకపోతే డ్రైవర్ జైలు పాలు. బీమా లేని బండి ఎక్కి, ఊళ్లో చందాలు పోగయ్యేదాకా లోపలే ఉండిపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎన్ని గడపలు ఎక్కి దిగారో కూడా తెలుసు.

పోలండ్ సంగతికొద్దాం. అది ఈసీఆర్ దేశం కాదు, కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అడగరు. దాంతో ఏజెంట్లకు పట్టపగ్గాలు ఉండవు. కానీ ఏ దేశానికి మనుషుల్ని తీసుకెళ్లినా ఏజెంటుకు ఇక్కడి లైసెన్సు ఉండాల్సిందే. ఆరు లక్షలు అడుగుతున్నవాణ్ణి మొదట అదే అడగండి.

యూరప్‌లో మన లైసెన్సు చూపించి ట్రెయిలర్ ఎక్కే వీలు లేదు. అక్కడి సి ప్లస్ ఇ, అంటే ట్రెయిలర్ లాగే లారీకిచ్చే లైసెన్సు కావాలి. దానిమీద కోడ్ 95 అనే వృత్తి అర్హత ఉండాలి. ట్రెయినింగు, పరీక్ష, మెడికల్ అన్నీ ఉంటాయి, ఆ ఖర్చు మన రూపాయల్లో లక్షల్లోనే ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి 35 గంటల ట్రెయినింగు. యూరప్ బయటి డ్రైవర్ దేశాలు దాటి లోడు తీసుకెళ్లాలంటే కంపెనీ అతని పేరు మీద డ్రైవర్ అటెస్టేషన్ అనే కాగితం కూడా తీసుకోవాలి. మీ ఏజెంటు చెప్పే ఆరు లక్షల్లో ఇవి ఉన్నాయా? లైసెన్సు చేతికి వచ్చేదాకా మీరు ఏం పని చేస్తారు, గోడౌన్‌లో మూటలా? ఆ నెలలకు జీతమెంత? పరీక్ష ఏ భాషలో? రెండు లక్షల్లో మూల జీతమెంత, రోడ్డు మీద ఉన్న రోజులకిచ్చే భత్యమెంత? వీటికి కాగితం మీద జవాబు రాకపోతే ఆ ఉద్యోగం లేనట్టే లెక్క. వర్క్ పర్మిట్ ఇచ్చేది ఏజెంటు కాదు, అక్కడి వోయివోడ్, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ ప్రతినిధి కార్యాలయం. పర్మిట్ కాపీ మీద మీ పేరు, కంపెనీ పేరు, పని పేరు ఉంటాయి. అది చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

అయినా యూరప్ చెడ్డదని నేననను. నిజం చెప్పాలంటే డ్రైవర్‌ని మనిషిగా చూసే రూల్స్ అక్కడున్నాయి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా పోవచ్చు. రెండు వారాలు కలిపి 90 గంటలు దాటకూడదు. బండిలోని టాకోగ్రాఫ్ మీ కార్డు మీద ప్రతి నిమిషం రాస్తుంది. వారాంతపు 45 గంటల విశ్రాంతిని కేబిన్‌లో గడపకూడదని కూడా చట్టం. కోదాడ నుంచి ఎక్కి రెండు రాత్రులు కన్ను మూయకుండా నడిపిన మనకు ఇది వింతే. కంపెనీ తన ఖర్చుతో లైసెన్సు, కోడ్ 95 చేయించి, ఆ మాట ఒప్పందంలో రాసిస్తే పోలండ్ వెళ్లండి, సంతోషంగా వెళ్లండి. ఆరు లక్షలు మీ చేత పెట్టించి తీసుకెళ్లేదైతే వద్దు.

ఇక డ్రైవింగ్. ఎడమ చేతి వైపు స్టీరింగ్ గురించి మీకు టెన్షన్ ఉండొచ్చు. అది కొద్ది వారాల్లో అలవాటవుతుంది. అసలు నేర్చుకోవాల్సింది ట్రెయిలర్‌ని. పద్నాలుగు టైర్ల బండి ఎంత పొడుగున్నా ఒకటే ఛాసిస్. ట్రెయిలర్ నడుం దగ్గర విరుగుతుంది. హెడ్డు, అంటే ఇంజన్ ఉండే ముందు బండి వెనకాల ఫిఫ్త్ వీల్ అనే ప్లేటు, ట్రెయిలర్ కింద కింగ్‌పిన్ ఉంటాయి. హెడ్డును నిదానంగా వెనక్కి తీసుకెళ్తే పిన్ ప్లేటులోకి దూరి టక్‌మని లాక్ పడుతుంది. ఆ చప్పుడు విని దిగిపోకండి. ట్రెయిలర్ బ్రేకు మీద ఉండగానే చిన్న గేర్‌లో ముందుకు కొద్దిగా లాగి చూడాలి. కదలలేదంటే పట్టుకున్నట్టు. అప్పుడు దిగి, టార్చి వేసి, వంగి చూడాలి: ప్లేటుకూ ట్రెయిలర్‌కూ మధ్య సందు ఉండకూడదు, లాక్ దవడలు పిన్ చుట్టూ మూసుకుని ఉండాలి. తర్వాత గాలి పైపులు, కరెంటు వైరు తగిలించి, ఆఖరుకు ట్రెయిలర్ కాళ్లు పైకి ఎత్తాలి. ఇక్కడ క్లీనర్ చూసే పనులన్నీ అక్కడ మీరే చూడాలి. తాడు, పట్టా కట్టినంత బాగా బెల్టులు బిగించడం కూడా నేర్చుకోవాలి.

రివర్సులో స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రెయిలర్ తోక కుడికి పోతుంది. మలుపులో వెనక టైర్లు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమ స్టీరింగ్ బండిలో కుడి వైపు మీకు కనపడని వైపు. ఈ మూడూ వెళ్లకముందే చేతికి రావాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ సిమెంటు ఫ్యాక్టరీల యార్డుల్లోనో తెలిసిన ట్రెయిలర్ డ్రైవర్‌ని బతిమాలి కొన్నాళ్లు పక్కన కూర్చోండి, ఖాళీ జాగాలో రివర్సు కొట్టండి. కంపెనీ టెస్టులో మనవాళ్లు ఫెయిలయ్యేది అక్కడే.

ఏజెంటుకు డబ్బు కట్టకముందే సొంతంగా ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి, షుగరు, బీపీ, కళ్లు చూపించుకోండి. గల్ఫ్ మెడికల్‌లో ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనపడినా అన్‌ఫిట్ అనే ప్రమాదం ఉంది. ఇక్కడి మీ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. గడువు దాటి ఏడాది అయిపోతే మళ్లీ టెస్టు పెడతారు. సెలవు మీద వచ్చినప్పుడు ముందు ఆ పని చూసుకోండి. తిరిగొచ్చాక మీకు అన్నం పెట్టేది ఆ లైసెన్సే.

మీ ఆవిడను కూర్చోబెట్టి ఈ కాగితాలన్నీ ఆమెకే అప్పగించండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు, ఏజెన్సీ లైసెన్సు నంబరు, బీమా పత్రం, అన్నీ ఒక ఫైల్లో ఇంట్లో ఉండాలి. పొలం తాకట్టు లేకుండా వెళ్తున్నానని చెప్తే ఆమె సగం భయం పోతుంది.

ప్రశ్న: అన్నయ్యా, మా ఆయన వయసు 47. రెండేళ్ల కిందట ఖాదిం వీసా మీద ఇంటి డ్రైవర్‌గా కువైట్ వెళ్లాడు. ఇప్పుడు సేఠ్ తన బంధువు దుకాణానికి లారీ నడపమంటున్నాడు. రెండు నెలలుగా జీతం సరిగా ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
– రాయచోటి నుంచి ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, ఖాదిం వీసా అంటే అక్కడి చట్టంలో ఆర్టికల్ 20, ఇంటి పని. కంపెనీలో పనికి షూన్ వీసా, అంటే ఆర్టికల్ 18 కావాలి. ఖాదిం వీసా మీద దుకాణం లారీ నడుపుతూ పట్టుబడితే మీ ఆయన్నే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది. ఆ లారీ ఎక్కనని మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పమనండి. ఎన్ని నెలల జీతం బాకీ ఉందో తేదీలతో రాసి పెట్టుకోమనండి, సేఠ్ పంపిన వాట్సాప్ మెసేజీలు చెరిపేయొద్దనండి. ఆయన భారత రాయబార కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. మీరు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కేసు పెట్టండి. 1800 11 3090 టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం వాళ్లు పలుకుతారు. 2024 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఖాదిం నుంచి షూన్‌కు మారే అవకాశం కువైట్ ఇచ్చింది. అలాంటిది మళ్లీ వస్తే ఆయన వదులుకోకూడదు. అప్పటిదాకా ఇల్లు దాటి పారిపోయే ఆలోచన రానివ్వకండి. సేఠ్ పరారీ కేసు పెడితే తప్పు ఈయన మీదికి వస్తుంది.

ప్రశ్న: నాకు 41. మా బావమరిది కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉన్నాడు. విజిట్ వీసా మీద వచ్చేయ్, ఇక్కడ ట్రక్ లైసెన్సు తీసి పని చూసుకోవచ్చు అంటున్నాడు. నిజమేనా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: మీ బావమరిది ప్రేమతోనే చెప్తున్నాడు, కానీ ఆ రోజులు పోయాయి. విజిట్ వీసా మీద కెనడాలో పని చేయకూడదు. కోవిడ్ కాలంలో విజిట్ వీసా మీద వచ్చినవాళ్లు అక్కడే ఉండి వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకునే వీలు ఇచ్చారు, దాన్ని 2024 ఆగస్టులో తీసేశారు. ఒంటారియోలో ట్రెయిలర్‌కు ఏజెడ్ లైసెన్సు కావాలి. దానికి కనీసం 103.5 గంటల ట్రెయినింగు తప్పనిసరి. 2018 ఏప్రిల్‌లో సస్కాచివాన్‌లో ట్రక్కు, హాకీ జట్టు బస్సు ఢీకొని 16 మంది చనిపోయాక ఇంకొన్ని రాష్ట్రాలు కూడా ఇలాంటి ట్రెయినింగును ఒక్కొక్కటిగా తప్పనిసరి చేశాయి. పర్మనెంట్ రెసిడెన్సీ కావాలంటే, పాయింట్లు చూసి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో వయసుకు పాయింట్లు ఏటేటా తగ్గుతాయి, 45 నిండితే సున్నా. మీకున్న టైమ్ తక్కువ. ఇంగ్లీషు పరీక్షకు ఈ ఏడాదే కూర్చోండి. ఇక్కడ డ్రైవింగ్ అనుభవానికి జీతం స్లిప్పులు, యజమాని సర్టిఫికెట్టు పోగు చేసుకోండి. కెనడాలో ఉన్న కంపెనీ నుంచి నిజమైన జాబ్ ఆఫర్ వస్తేనే ముందుకు కదలండి. అమెరికా అయితే ఇప్పుడు ఆశ పెట్టుకోకండి. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ట్రక్ డ్రైవర్లకు వర్క్ వీసాలు ఇవ్వడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఎవరైనా అమెరికా ట్రక్ వీసా ఉంది, డబ్బు కట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.